మురుగు బోదె ఎవరిది?

కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయంటే మన ఊళ్లలో రెండు మాటలు వినపడతాయి. మంచినీళ్ల చెరువు నింపుకున్నామా అన్నది ఒకటి. ఈ ఏడైనా మురుగు కాలువ తవ్వుతారా అన్నది రెండోది. మొదటి మాటకి ఊరంతా కదులుతుంది. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి అందరం అరుగు మీద కూర్చుని ప్రభుత్వం వైపు చూస్తాం.

రైతు సోదరులారా, ఒక పక్క నుంచి కృష్ణ నీరు, ఇంకో పక్క నుంచి గోదావరి నీరు వచ్చి కలిసే ఊరు ఏలూరు. నీటికి లోటున్న సీమ కాదు మనది. మన బాధల్లా వచ్చిన నీరు పోకపోవడమే. కొల్లేరునే చూడండి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవిగాక చిన్నాపెద్దా డ్రైన్లు 60కి పైగా అందులోకే దిగుతాయి. బయటికి దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. ఆ ఒక్క దారీ సుమారు 60 కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలవాలి. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు వెనక్కి తన్నుతుంది. మధ్యలో వలకట్లు, గుర్రపు డెక్క సరేసరి.

2024లో ఏమైందో మర్చిపోలేదు కదా? జులైలో ఎర్రకాలువ పొంగి తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు వేసిన నాట్లు వేసినట్టే మునిగాయి. సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరంతా కొల్లేరుకి దిగింది. పెదఎడ్లగాడి వంతెన ఖానాల దగ్గర డెక్క పేరుకుంటే పైన ఊళ్ల గతి ఏమవుతుందో కైకలూరు, మండవల్లి వాళ్లని అడిగితే చెబుతారు.

ముంపుకి తట్టుకునే విత్తనం వేసుకోవచ్చు, నిజమే. మన పుళ్ల పరిశోధన స్థానమే పల్లపు భూముల కోసం బాడవ మహసూరి ఇచ్చింది. కానీ ఊడ్చిన నాలుగో రోజున మడి నిండా నీరు నిలబడి, అది కదిలే దారి లేకపోతే విత్తనం మాత్రం ఏం చేస్తుంది? మళ్లీ నారు కొనాలి, మళ్లీ కూలీ ఇవ్వాలి. రెండెకరాల రైతుకి ఆ దెబ్బ చాలు, ఆ ఏడాది అప్పు తీరదు.

అది డ్రైనేజీ వాళ్ల పనండీ, మనకెందుకు అంటారు కొందరు. పెద్ద డ్రైన్ల విషయంలో ఆ మాట న్యాయమే. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు పనుల కోసమని 1968లో చట్టం చేసి మరీ మన పెద్దల దగ్గర డ్రైనేజీ సెస్సు వేశారు. కాబట్టి పెద్ద డ్రైను పూడిక తీయమని అడగడం దేబిరింపు కాదు, హక్కు. కానీ పొలం గట్టు నుంచి ఆ డ్రైను దాకా పోయే బోదె ఉందే, రెండు బారల వెడల్పు కూడా లేనిది, దాన్ని ఏ ఎస్టిమేటులో వెతుకుతారు? డ్రైను తవ్వినా బోదె పూడి ఉంటే మీ మడిలో నీరు మీ మడిలోనే. ఈ బోదె మనది. మనం దిగకపోతే ఎవరూ దిగరు.

పూర్వం ఇలాంటి పనికి కుడిమరామత్ అని పేరుండేది. కాలువకీ చెరువుకీ ఊరివాళ్లే ఇంటికింత పని చేయాలన్న ఆచారం. దొరల ప్రభుత్వం దానికి 1858లో చట్టం చేసి నిర్బంధం తగిలించింది. నిర్బంధం వచ్చాక ఆచారానికి రుచి పోయింది. 1997లో జన్మభూమి వచ్చినప్పుడు శ్రమదానం మాట మళ్లీ మోగింది. బాగుపడిన రోడ్లూ ఉన్నాయి, ఫొటో తీయించుకున్నాక పలుగు దింపేసిన చోట్లూ ఉన్నాయి. ఎవరో పిలిస్తే చేసే పని వాళ్లు పిలిచినన్నాళ్లే సాగుతుంది.

పిలవకుండా సాగిన పని ఒకటి చెబుతా. పంజాబులో కాళీ బేయిన్ అని 160 కిలోమీటర్ల ఏరు ఉంది. గురునానక్ స్నానం చేసిన ఏరని సిక్కులకు ఎంత భక్తి ఉన్నా, ఊళ్ల మురుగు కలిసి, గుర్రపు డెక్క పట్టి పూడిపోయింది. ఎగువన పొలాలు చిత్తడై పాడవుతుంటే దిగువకి నీరు చేరేది కాదు. 2000లో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సాధువు తానే ఏట్లో దిగి డెక్క లాగడం మొదలుపెట్టారు. ఆయన వెనక ఊళ్లకి ఊళ్లు దిగాయి. ఏళ్ల తరబడి లాగారు. 2006లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం వెళ్లి చూసి వచ్చారు. అయితే ఊళ్ల మురుగు వచ్చి పడుతున్న చోట ఆ తర్వాత కూడా ఇబ్బందులు తప్పలేదు. మురుగు మళ్లించడం జనం చేతుల్లో పని కాదు, ప్రభుత్వం చేయాల్సింది. మన బోదె, వాళ్ల డ్రైను కూడా ఇంతే.

ఇక్కడ ఒక చేదు మాట చెప్పాలి. శ్రమదానం అనగానే దిగేది ఎవరు? ఎకరం, అరెకరం వాళ్లు, కౌలుదార్లు. పాతికెకరాల ఆసామి ఏలూరులోనో హైదరాబాదులోనో ఉంటాడు. బోదె బాగుపడితే ఎక్కువ లాభం ఆయన చేనుకే. ఆయన చేను నీరు కౌలుదారు ఊరికే తీయడాన్ని నేను దానం అనను. అందుకని ఎకరాల లెక్కన పంచండి. ఎకరానికి ఇంత పని, చేయలేనివారు ఆ కూలి ఇచ్చుకోవాలి. పంచాయతీ అరుగు మీద అందరి ముందూ పుస్తకంలో రాయండి. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో రాస్తే చాలు, ఎవర్నీ తిట్టక్కర్లేదు. కౌలు ఒప్పందం చేసుకునేటప్పుడే బోదె పని ఎవరిదో తేల్చుకోండి.

సాగునీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. యజమాని, కౌలుదారు ఇద్దరూ రికార్డులో ఉంటే ఓటు కౌలుదారుకే అన్నది 1997 చట్టం. మంచి మాటే. కానీ రికార్డులో పేరున్న కౌలుదారు మీ ఊళ్లో ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. సంఘం మీటింగు పెట్టినప్పుడు ఓటు లేకపోయినా వెళ్లి కూర్చోండి. బోదె లోతు ఎంతుందో తెలిసింది మీకే గదా.

పనికి దిగేముందు కొన్ని జాగ్రత్తలు. లాగిన డెక్కని గట్టు అంచున పడేయకండి, మొదటి వానకే మళ్లీ బోదెలో ఉంటుంది. అవతలికి ఎత్తి పోయండి. దాన్లో నూటికి 90 పాళ్లకు పైగా నీరే, ఎండితే కుప్ప కుంగిపోతుంది. పేడ నీళ్లు చల్లి మగ్గబెడితే ఎరువు. పువ్వు రాకముందే తీయడం మేలు, గింజ రాలిందంటే బురదలో ఏళ్ల తరబడి బతుకుతుంది. కలుపు మందు కొట్టేద్దాం అనే తొందర వద్దు. ఆ నీరు కిందనున్న పశువులు తాగేది, చేపలు బతికేది. చేతులకీ కాళ్లకీ పుండ్లుంటే మురుగులో దిగొద్దు, ఎలుకల జ్వరం అలాగే పట్టుకుంటుంది. కొల్లేరు అయిదో కాంటూరు లోపల 1999 నుంచి అభయారణ్యం. అక్కడ మిషను దించాలంటే ముందు అటవీ శాఖ వాళ్లని అడగండి.

బోదె అయ్యాక అదే పుస్తకం పట్టుకుని పెద్ద డ్రైను వెంట నడవండి. ఏ తూము దగ్గర ఎంత పూడిక, ఏ వంతెన కింద డెక్క, ఎక్కడ గట్టు జారింది, అన్నీ రాసి పదిమంది సంతకాలతో అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి. మా బోదె మేం తవ్వాం, మీ డ్రైను సంగతేంటి అని అడిగిన ఊరిని తప్పించుకోవడం ఏ ఇంజినీరుకైనా కష్టం.

ఇంకొకటి. పని మొదలెట్టే రోజు కింద ఊరివాళ్లకి ముందే కబురు పెట్టండి. పైవాళ్లు కోసి వదిలిన డెక్క కొట్టుకొచ్చి శివారు తూముకి అడ్డం పడితే, మీ శ్రమదానం వాళ్లకి ముంపు అవుతుంది. వీలైతే వాళ్లనే ముందు మొదలెట్టమనండి. మురుగు పని ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి.