ఖాళీ గడిలో సున్నా పుట్టనివ్వకండి

సికింద్రాబాద్‌లో కోడ్ రాసే ప్రతి ఒక్కరికీ హెచ్చరిక. విలువ ఉందో లేదో చూడకుండా నల్‌ను ఏదో ఒక టైప్‌లోకి క్యాస్ట్ చేసే లైన్లు మీ ప్రాజెక్టులో ఉంటే ఈరోజే వెతికి పట్టుకోండి.

జావాలో నల్‌ను ఏ క్లాసులోకి క్యాస్ట్ చేసినా ఎర్రర్ రాదు. క్యాస్ట్ దాటింది కదా అని ఆబ్జెక్ట్ ఉందనుకుంటాం. తర్వాతెక్కడో మెథడ్‌ను పిలిచినప్పుడు ప్రోగ్రాం కూలుతుంది. 2025 జూన్ 12న గూగుల్ క్లౌడ్ గంటల తరబడి తడబడిందీ ఖాళీ ఫీల్డులున్న డేటాను నల్ చెక్ లేని కోడ్ చదవబోయినందుకే. కూలింది కాబట్టి కారణం త్వరగానే దొరికింది.

కూలని కోడ్‌తోనే అసలు ముప్పు. పీహెచ్‌పీలో నల్‌ను ఇంట్‌గా క్యాస్ట్ చేస్తే చడీచప్పుడు లేకుండా సున్నా వస్తుంది. జేడీబీసీలో గెట్‌ఇంట్ కూడా ఖాళీ గడికి సున్నానే ఇస్తుంది. వాజ్‌నల్‌తో అడిగితే తప్ప నిజం చెప్పదు. ఉదాహరణకు, బెర్తు అడగని ఐదేళ్లలోపు పిల్లలకు రైలు టికెట్ అక్కర్లేదు. వయసు నింపని పెద్దాయన ఇలాంటి కోడ్‌కి సున్నా ఏళ్ల పసివాడే! అక్కడ నవ్వుకోవచ్చు. మార్కుల దగ్గర నవ్వలేం.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో 99 మార్కులు రావాల్సిన ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. అది క్యాస్టింగ్ లోపం కాదు, ఓఎంఆర్ షీటులో అంకెలు తప్పుగా దిద్దడం. అయినా ఆ సున్నా ఏ దశలోనూ ఆగకుండా ఫలితంగా బయటికొచ్చేసింది. ఫెయిలైనవారి పేపర్లు తిరిగి పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అప్పటికే కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. చేత్తో దిద్దిన తప్పు ఒక షీటుది. తప్పు క్యాస్ట్ ఖాళీ గడి ఎదురైన ప్రతిసారీ అదే పని చేస్తుంది.

కాబట్టి క్యాస్ట్‌కు ముందే నల్‌ను పరీక్షించండి. సీషార్ప్, కాట్లిన్ కంపైలర్లు ఇచ్చే నల్ హెచ్చరికలను నొక్కేయకండి. టెస్ట్ డేటాలో ఖాళీ గడులు తప్పనిసరిగా పెట్టండి. ఎక్సెప్షన్ పోవడానికి డిఫాల్ట్‌గా సున్నా పెట్టానని ఎవరైనా అంటే ఆ కోడ్‌ను రివ్యూలో తిప్పి పంపండి. విలువ లేనిచోట తెర మీద ‘వివరం అందలేదు’ అని రావాలి. మేనేజర్లు కూడా వినాలి: ఈ తనిఖీ కోసం రిలీజ్ ఒకరోజు వెనక్కి జరిగితే జరగనివ్వండి.