చవక బస్తా లెక్క

వానలు మొదలైతే చాలు, బల్కంపేట ఎల్లమ్మ గుడి దారిలో బొగ్గుల మీద కంకులు చిటపటలాడతాయి. (మా వైపు పొత్తులంటాం. ఇక్కడ కంకి అంటేనే చేతికొస్తుంది!) ఐదు రూపాయలు తగ్గించమని మనం బేరమాడతాం. దాన్ని పండించిన రైతు తిప్పలు ఎరువుల దుకాణంలో.

అక్కడ చూడాల్సింది బస్తా ధర కాదు, అందులో నత్రజని ఎంతుందని. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. నత్రజని 46 శాతం, అంటే 20.7 కిలోలు. సబ్సిడీ పుణ్యమా అని కిలో నత్రజని 13 రూపాయల్లోపే. అమ్మోనియం సల్ఫేట్‌లో ఉండేది ఇందులో సగంలోపే. గంధకం తక్కువైన నేలకైతేనే దాని జోలికి వెళ్లాలి.

2021లో ఇఫ్కో నానో యూరియా తెచ్చింది. అప్పట్లో అర లీటరు సీసా 240 రూపాయలు. బస్తాకు బదులు సీసా చాలన్నారు. 4 శాతం లెక్కన అప్పటి సీసాలో నత్రజని 20 గ్రాములు. అదే 20 గ్రాములు యూరియా బస్తాలో పావలా! ఆకులు నేరుగా పీల్చుకుంటాయి కాబట్టి కొంచెమే చాలన్నది తయారీదారుల మాట. నీటి వసతి ఉన్న ఎకరా మొక్కజొన్నకు 80 కిలోల దాకా నత్రజని కావాలి. ఆ ఆకలి తుంపరతో తీరుతుందంటే నాకైతే నమ్మకం కుదరడం లేదు.

యూరియాకూ ఓ చిక్కుంది. పైపైన చల్లి వదిలేస్తే కొంత అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. విత్తేటప్పుడు, మోకాలెత్తు పెరిగాక, పూతకు ముందు... మూడు దఫాలుగా మొక్క పక్కన తేమ నేలలో వేసి మట్టి కప్పాలి. నాలుగు బస్తాలకు 1,066 రూపాయలు. కప్పే కూలి ఇందులో లేదు.