మాత్రలకూ ఓ లెక్క ఉండాలి

"అక్కా, మాత్రుందా? తలకాయ నొస్తాంది."

ధర్మవరం రైల్లో ఈ మాట వినని రోజుండదు. నేను హిందూపురంలో ఎక్కుతాను, పెనుకొండలో ఇద్దరు టీచర్లు కలుస్తారు. దువ్వెన మర్చిపోయినా మా ముగ్గురి సంచుల్లో తలనొప్పి మాత్రలు మాత్రం తప్పనిసరి.

నాది పార్శ్వపు నొప్పి, అదే మైగ్రేన్. కణత మీద సమ్మెటతో కొట్టినట్టుంటుంది. వెలుతురు పడదు, వాంతులు. పడుకుంటే "ఈమెకెప్పుడూ తలనొప్పే" అంటారు. అందుకే మాత్ర మింగి పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. వారానికొకటి కాస్తా రోజుకొకటైంది. మందుల షాపతను అడక్కుండానే అట్ట చేతిలో పెట్టేవాడు.

"నెలకెన్ని వేసుకుంటావమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే నోరు పెగల్లేదు. పాల లెక్క, చీటీ లెక్క తెలిసిన నాకు ఈ లెక్క తెలీదు! పారాసెటమాల్, ఇబూప్రోఫెన్ లాంటివి నెలకు 15 రోజులు, ట్రిప్టాన్లు, ఎర్గోటమైన్, రెండు మూడు మందులు కలిసిన మాత్రలైతే 10 రోజులు, అలా 3 నెలలు దాటి వాడితే ఆ మందే తలనొప్పి తెచ్చిపెడుతుందట. నాకు జరిగింది అదే.

మైగ్రేన్‌లో మెదడు పొరల దగ్గరి నరాలు రేగి, నొప్పి పుట్టించే రసాయనాలు వదులుతాయి. సుమట్రిప్టాన్ వాటిని ఆపుతుంది, ఉబ్బిన రక్తనాళాలను ముడుస్తుంది. అందుకే గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకూ, బీపీ అదుపులో లేనివాళ్లకూ అది వద్దు. ఎర్గోటమైన్ గర్భిణులకు పనికిరాదు, ట్రిప్టాన్ వేసుకున్న రోజు అసలు కలపకూడదు. ఏ మాత్రైనా నొప్పి ముదరకముందే వేసుకుంటే బాగా పనిచేస్తుంది. నెలలో నొప్పి ఎక్కువసార్లు వస్తుంటే, రాకుండా చూసే మందులు వేరే ఉన్నాయి. వాటిలో ప్రొప్రనొలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. ఇవన్నీ షాపు కౌంటరు దగ్గర తేలే విషయాలా, చెప్పండి?

డాక్టరమ్మ చెప్పినట్టు మాత్రలు మానేశాక మొదటి రెండు వారాలు నరకం చూశాను. తర్వాత తెరిపిన పడ్డాను. ఇప్పుడు క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న రోజుకు సున్నా చుడుతున్నాను.

మా బడి పిల్లల తల్లులు మగ్గం ఆగకూడదని మాత్ర మింగి కండెలు చుడతారు. మాత్ర వేసుకునేది మనమే అయినా, దానివల్ల ఆగకుండా సాగేది ఇంటి పని. తలనొప్పి వచ్చినరోజు ఆడదానికి రెండు గంటలు చీకటి గది ఇవ్వలేని ఇల్లు, ఆమెకు మాత్రలు కొనిపెడితే అది ప్రేమ అనుకోకండి.

ఈ రాత్రే మీ సంచిలోని అట్ట తీసి, ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టండి!