మాంసాహార దేశంలో మధుమేహ రోగి

ప్రశ్న: నా వయసు 58. ఆరేళ్లుగా మధుమేహం. రెండుపూటలా భోజనానికి ముందు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటున్నాను. అబ్బాయి దగ్గరకు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ వెళ్తున్నాను. మాంసం ముట్టను. అక్కడ ఎక్కడ చూసినా గొడ్డు మాంసమేనట. బ్రెడ్డు, పళ్లతో నెల రోజులు గడపవచ్చునా?

– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉత్త బ్రెడ్డు, పళ్లతో రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఆ అవసరమూ లేదు. ఆ నగరంలో ఇటాలియన్లు, అరబ్బులు, చైనీయులు స్థిరపడ్డారు. వారి వంటలన్నీ దొరుకుతాయి. పిజ్జా దుకాణాల్లో శనగపిండి రొట్టె 'ఫైనా', అరబ్బు హోటళ్లలో శనగలు రుబ్బి చేసే 'హమ్మస్', బెల్‌గ్రానో పేటలోని చైనా బజారులో సోయా పనీరు మీకు మంచివి. 'డియెటేటికా' దుకాణాల్లో పప్పులు కొని ఇంట్లో వండుకోవచ్చు.

అక్కడ 'కార్నే' అంటే మామూలుగా గొడ్డు మాంసమే. అది వద్దంటే కోడో, పంది మాంసమో వడ్డించవచ్చు. అందుకని 'సిన్ పోషో, సిన్ హమోన్' అని కూడా చెప్పండి. అంటే కోడి వద్దు, పంది మాంసం వద్దు అని.

అన్నిటికన్నా ముఖ్యం మాత్ర వేళ. అక్కడి హోటళ్లలో రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. అలవాటు చొప్పున ఏడింటికే మాత్ర వేసుకుని కూర్చుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. భోజనం ఎదుటికి వచ్చాకే వేసుకోండి. వణుకు, చెమటలు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగి, డాక్టరును పిలిపించండి. కాలంలో ఎనిమిదిన్నర గంటల తేడా ఉంది కనుక ప్రయాణం రోజు మాత్రల వేళలను మీ డాక్టరుగారి చేత ముందే రాయించుకోండి.