గోలీ పూతలో మన మక్క

చార్మినార్ దగ్గరి నిజామియా యునానీ ఆసుపత్రి అందరికీ తెలిసిందే. హకీములు కొన్ని గోలీలకు వెండి వరఖ్ చుట్టేవారు. చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో వెండిని సుత్తితో కొట్టి ఆ వరఖ్ చేసే కార్మికులు ఉండేవారు. ఇప్పటి కంపెనీ గోలీలకూ పూత ఉంటుంది. చేదు తెలియకుండా, మందుకు తేమ తగలకుండా ఆ పూత కాపాడుతుంది.

ఈ పూత దేనితో చేస్తారో రైతులుగా మనం తెలుసుకోవాలి. ఎక్కువగా వాడేది హెచ్‌పీఎంసీ. దాన్ని కలప గుజ్జు నుంచి గానీ, పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు నుంచి గానీ తీస్తారు. మక్క, బఠాణీ, ఆలుగడ్డల స్టార్చ్‌తోనూ పూత వేయవచ్చు. మామూలు స్టార్చ్ పొర ఆరితే పెళుసుగా పగులుతుంది, తేమను పీలుస్తుంది. అందుకే గ్లిజరిన్ వంటివి కలుపుతారు, లేదా స్టార్చ్‌నే రసాయనికంగా మారుస్తారు.

అంటే పత్తి, మక్క రెండూ మందుల పరిశ్రమకు ముడిసరుకే. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. గోలీ బరువులో పూత సుమారు మూడు శాతమే. పూత వల్లే మక్క ధర పెరుగుతుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మవద్దు. గోలీ లోపల స్టార్చ్‌కు ఇంకా పెద్ద పని ఉంది. పొడిని అంటించేదీ, కడుపులోకి వెళ్లగానే గోలీని విడగొట్టేదీ అదే.

మక్క గింజ ఎండు బరువులో దాదాపు 70 శాతం స్టార్చే. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. తేమ 14 శాతం దాటితే ఆ ధర దక్కదు. పచ్చి గింజకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. అలాంటి గింజ మందులకు పనికిరాదు. వానలో తడిసిన పంటను ఆరబెట్టే చోటు లేక రైతు నష్టపోతుంటే, అదే గింజ స్టార్చ్‌గా మారాక లాభం మిల్లు దగ్గరే ఆగిపోతోంది.

అందుకే మా డిమాండ్లు ఇవి. మక్క వచ్చే ప్రతి మార్కెట్ యార్డులో డ్రయ్యర్లు, సరైన తేమ యంత్రాలు పెట్టాలి. మద్దతు ధరకు కొనుగోలు కేంద్రాలు సకాలంలో తెరవాలి. రైతుల సహకార స్టార్చ్ మిల్లులకు తక్కువ వడ్డీ రుణాలివ్వాలి. బాలానగర్‌లోని నైపర్, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి మన మక్క రకాల స్టార్చ్‌ను మందుల అవసరాలకు పరీక్షించాలి.

గ్రామ కమిటీలు ఈ డిమాండ్లపై చర్చించి, మార్కెట్ అధికారులకు వినతిపత్రాలు ఇవ్వాలని సభ్యులను కోరుతున్నాం.