మాటలేని బొమ్మలు

పాఠశాలలలో చలనచిత్రములు చూపునపుడు నీతిని బోధించునవియు, దేశదేశముల వింతలను తెలుపునవియు ఎన్నుకొనుట పరిపాటి. వానితోపాటు నూరేండ్లనాటి మూకబొమ్మల చిత్రములను గూడ చూపవలెనని మా యభిప్రాయము. అవి తలాతోకాలేని పిచ్చియూహలని పెద్దలు కొందరందురు. మేమట్లు తలంపము.

1908లో ఎమీల్ కోల్ అను ఫ్రెంచి చిత్రకారుడు దాదాపు 700 బొమ్మలు గీచి 'ఫాంటస్మగోరీ' యను చిత్రమును నిర్మించెను. రెండు నిమిషములైన నిండని యా చిత్రములో సీసా చూచుచుండగనే పుష్పమగును. 1919లో అమెరికాలో తెరకెక్కిన ఫెలిక్సు పిల్లి యింకను గడుసుది. అవసరమైనపుడు తన తోకను ఊడదీసి చేతికఱ్ఱగా పట్టుకొనును. సందేహము కలిగిన తలపై ప్రశ్నార్థకచిహ్నము మొలచును; దానినే కొక్కెముగా వాడుకొనును! ఇది పిచ్చి గాదు. తోకయు గీతయే, కఱ్ఱయు గీతయే కదా. ఆ యొక్క మాట నొప్పుకొన్నచో తక్కినదంతయు లెక్క తప్పక నడచును.

ఇట్టి వింతహాస్యము మనకు క్రొత్త గాదు. తోలుబొమ్మలాటలో రామాయణకథ గంభీరముగ సాగుచుండగా కేతిగాడును, జుట్టుపోలిగాడును, బంగారక్కయు తెరపైకి దూకి చేయు అల్లరి యెవరెరుగరు? అయితే వారి నవ్వు చాలవరకు మాటలో నున్నది. తెలుగు రానివానికి సగమైన చేరదు.

సికింద్రాబాదు బడులలో నిది చిన్న సంగతి గాదు. ఒకే బల్లపై ఇంటివద్ద తెలుగు, ఉర్దూ, తమిళము, మరాఠీ మాటలాడు బాలురు కూర్చుందురు. ఒకని హాస్యమును ప్రక్కవానికి అనువదించి చెప్పులోపల దాని రుచి చచ్చును. మూగపిల్లి యెదుట నందరు నొక్కసారిగా నవ్వుదురు. ముందు నవ్వువాడు, నిన్న మొన్న చేరి యింకను నోరు విప్పని క్రొత్త బాలుడే కావచ్చును. హైదరాబాదులో పుట్టి 2008లో టెలివిజనుకెక్కిన ఛోటా భీముడు మాకును ఇష్టుడే. కాని యతని కథ కన్నులు మూసికొని విన్నను చాలవరకు తెలియును.

ఆ నాటి చిత్రములలో నల్లజాతివారిని వికారముగ గీచి యెగతాళి చేసినవియు కలవు. వానిని మేము సమర్థింపము. ఉపాధ్యాయులు ముందుగా చూచి యేరవలెను. మన దేశమున 1915లో ఫాల్కేగారు అగ్గిపుల్లలను కదలించి తీసిన చిత్రము నేడు దొరకదు. కోల్ చిత్రమును, ఫెలిక్సు తొలిచిత్రమును దొరకుచున్నవి. చూపునపుడు మాత్రము అయ్యవారలు తెర ప్రక్కన నిలిచి వ్యాఖ్యానము చేయకుందురని మా మనవి.