గులాబీ టీ తాగండి, మందు మాత్రం మానకండి

యీమధ్య వస్తున్న వుత్తరాల్లో గులాబీ టీ గురించి అడిగినవి చాలా వున్నాయి. సెల్‌ఫోనులో ఎవరో చెప్పగా విని అడిగినవారు కొందరు, పెరట్లో పూలు వృథాగా రాలిపోతున్నాయని రాసినవారు కొందరు. అందరికీ విడివిడిగా రాయడం సాధ్యం కాదు గనుక, ముఖ్యమైన అయిదు ప్రశ్నలు ఏరి యీ వారం జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా పెరట్లో నాటు గులాబీ విరగబూస్తోంది. రేకులతో టీ ఎలా చేసుకోవాలి? రోజూ తాగవచ్చా?
- ఒక గృహిణి, తణుకు

జవాబు: చెట్టుకు పురుగుమందు కొట్టకపోతే నిశ్చింతగా చేసుకోండి. పొద్దున్నే మంచు ఆరాక, ఎండ ముదరకముందు పూలు కోయండి. రేకులు విడదీసి, చీమలూ పురుగులూ లేకుండా చూసి, రెండుసార్లు మంచినీళ్లలో కడగండి. రేకు మొదట్లో తెల్లగా వుండే ముక్క చేదు. కత్తెరతో తీసేయండి.

ఒక కప్పుకు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్లకు, రెండు పూల రేకులు చాలు. నీళ్లు తెర్లగానే పొయ్యి కట్టేసి, రేకులు వేసి, మూతపెట్టి, అయిదు నిమిషాలాగి వడగట్టండి. రేకుల్ని నీళ్లలో వేసి మరిగిస్తే సువాసన ఆవిరితో పోయి, వగరు మాత్రం మిగులుతుంది. నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఎర్రటి రంగు తేలుతుంది.

నిలవ చేసుకోవాలంటే పల్చటి గుడ్డమీద నీడలో ఆరబెట్టండి. చేత్తో నలిపితే గలగలలాడాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. ముక్కవాసన వస్తే మొత్తం పారబోయండి, ఏరుకుని వాడకండి. ఎండిన రేకులైతే కప్పుకు రెండు చిన్న చెంచాలు.

రోజుకు ఒకటి రెండు కప్పులు తాగవచ్చు. యిందులో టీ ఆకు లేదు గనుక కెఫీన్ వుండదు. సాయంత్రం టీ తాగితే రాత్రి నిద్రపట్టదనేవారికి యిది అక్కరకొస్తుంది. చక్కెర దగ్గర మాత్రం చెయ్యి బిగపట్టండి. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు కప్పులు తాగితే ఎనిమిది చెంచాలు, అంటే 35 నుంచి 40 గ్రాములు. రోజు మొత్తం మీద 25 గ్రాముల లోపుంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బెల్లమైనా, తేనె అయినా లెక్క అదే. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలే వద్దు.

ప్రశ్న: పూజకు రోజూ బజారులో గులాబీలు కొంటాం. దేవుడి పటం మీంచి తీసిన పూలు పారెయ్యడానికి మనసొప్పదు. ఎండబెట్టి టీకి వాడవచ్చా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దమ్మా. గులాబీకి పేనుబంక, తామర పురుగు, ఎర్రనల్లి, బూడిద తెగులు పడతాయి. వాటికి రైతు మందు కొట్టక తప్పదు. కూరగాయల్లో, పండ్లలో పురుగుమందు యింతకు మించి మిగలకూడదని నియమాలున్నాయి. దండలో గుచ్చే పువ్వు తినే వస్తువు కాదు గనుక దానికా కట్టుబాటు లేదు. పైగా కొన్ని మందులు మొక్క లోపలికి యింకిపోతాయి. వాటిని ఉప్పునీళ్లతో కడిగినా పోగొట్టలేరు. ఒక కప్పు తాగినంత మాత్రాన ఎవరూ పడిపోరు గాని, నెలల తరబడి రోజూ తాగడం క్షేమం కాదు.

ఆ పూలను ఏదైనా చెట్టు మొదట్లో వేయండి, ఎరువవుతుంది. నర్సరీ నుంచి కొత్త మొక్క తెచ్చినా, మొదటి మూడు నెలల పూలు దేవుడికే పెట్టండి. అలాగే, ముఖానికి రాసుకోవడానికి అమ్మే పన్నీరును టీలో కలపకండి. తినే పదార్థాల్లో వాడవచ్చని సీసా మీద రాసి వుంటేనే కలపాలి.

ప్రశ్న: గులాబీలో నారింజ కన్నా సి విటమిను ఎక్కువట. నిజమేనా?
- ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: ఎక్కువున్నది గులాబీ కాయలో, రేకులో కాదు. పువ్వు రాలాక కాడ చివర చిన్న కాయ ఏర్పడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నారింజపండ్లు ఓడల మీద రావడం కష్టమైనప్పుడు, బ్రిటన్‌లో అడవి గులాబీ కాయలు ఏరించి, సిరప్ కాచి పిల్లలకు పోశారు. ఆ మాటే రేకులకు అంటగట్టారు. మనకు ఉసిరికాయ వుంది, జామకాయ వుంది. వాటిని వదిలి సి విటమిను కోసం గులాబీ రేకులు కాచుకోనక్కరలేదు.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. నెలసరి నొప్పికి గులాబీ టీ తాగుతున్నాను, కొంచెం నయంగా వుంది. హిమోగ్లోబిన్ 8.6 వుందన్నారు. ఐరన్ మాత్ర ఆ టీతోనే మింగుతున్నాను. రెండు నెలలైనా పెరగలేదు.
- ఒక కాలేజీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: నొప్పి తగ్గిందన్న మాట కొట్టిపారేయను. తైవాన్‌లో 130 మంది అమ్మాయిల మీద చేసిన ఒక పరిశీలన 2005లో ప్రచురితమైంది. గులాబీ టీ తాగినవారికి నెలసరి నొప్పి కొంత తక్కువగా అనిపించిందని అందులో తేలింది. ఒక్క పరిశీలనతో దాన్ని మందు అనలేం. తాగితే నష్టం లేదు, అంతే.

పొరపాటు జరుగుతున్నది మాత్ర దగ్గర. గులాబీ రేకుల్లో వుండే వగరు పదార్థం ఇనుమును పట్టేసుకుని వొంటికి అందనివ్వదు. మామూలు టీ, కాఫీ కూడా అంతే. మాత్రకు ముందు ఒక గంట, తర్వాత రెండు గంటలు యివేవీ తాగకండి. మాత్రను నిమ్మరసం కలిపిన నీళ్లతో మింగండి. విరేచనం నల్లగా వస్తే భయపడకండి. అది ఇనుము రంగే.

మీకు హిమోగ్లోబిన్ 12 వుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిలో నూటికి 57 మందికి రక్తహీనత వుంది. అందరికీ వున్నదేనని వూరుకోకూడదు. నెలసరి ఏడు రోజులు దాటుతోందా? గంటగంటకూ గుడ్డ మార్చవలసి వస్తోందా? గడ్డలు పడుతున్నాయా? వీటిలో ఏది వున్నా లేడీ డాక్టరుకు చూపించుకోండి. నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించుకోండి. అప్పటికీ పెరగకపోతే నులిపురుగుల వంటి కారణాలు వెతకాలి.

ప్రశ్న: మా అత్తగారికి 62 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగరు, బి.పి. వున్నాయి. గులాబీ టీతో రెండూ పోతాయని విని, నెల రోజులుగా మాత్రలు మానేశారు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నారు. బొటనవేలి మీద పుండు మానడంలేదు. నేను చెబితే కోప్పడుతున్నారు.
- ఒక కోడలు, కరీంనగర్

జవాబు: యీ జవాబు మీ అత్తగారికి చదివి వినిపించండి.

అమ్మా, మీరు టీ తాగినందుకు నేను తప్పుపట్టను. మాత్ర మానినందుకే నా బాధ. షుగరుకు, బి.పి.కి మాత్రల బదులు గులాబీ టీ సరిపోతుందని చూపిన పరీక్ష ఏదీ లేదు. మాత్ర మానిన మర్నాడే ఏమీ కాదు, అందుకే టీ పనిచేస్తోందనిపిస్తుంది. బి.పి. పెరిగితే వొళ్లు ముందుగా చెప్పదు. పక్షవాతం వచ్చాకే తెలుస్తుంది. రాత్రిళ్లు మాటిమాటికీ లేవడం చక్కెర పెరిగిందనడానికి గుర్తు కావచ్చు.

అన్నిటికన్నా ఆ పుండు నన్ను తొందరపెడుతోంది. షుగరు వున్నవారికి కాలి స్పర్శ తగ్గుతుంది, నొప్పి తెలియకుండానే పుండు లోతుకు పోతుంది. గవర్నమెంటు ఆసుపత్రుల్లో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్నాను. వేలితో మొదలై పాదం దాకా తీసెయ్యవలసి వచ్చిన వారిని చూశాను. వారిలో చాలామంది ఆలస్యంగా వచ్చినవారే.

యీ పత్రిక పక్కన పెట్టి రేపు పొద్దున్నే బయల్దేరండి. వేలు నల్లబడినా, వాసన వస్తున్నా, జ్వరం వున్నా రేపటిదాకా కూడా ఆగవద్దు. పాత చీటీలన్నీ తీసుకువెళ్లండి. పరగడుపు చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, మూత్రపిండాల పరీక్ష, బి.పి. చూసి డాక్టరే మోతాదు చెబుతారు. నెల రోజుల విరామం తర్వాత మోతాదు మీరే నిర్ణయించుకోకండి. డబ్బుకు వెనుకాడి మాని వుంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో యీ మాత్రలు ఉచితంగా యిస్తారు. గులాబీ టీ మీకు యిష్టమైతే చక్కెర లేకుండా సాయంత్రం ఒక కప్పు తాగండి. మూత్రపిండాలు దెబ్బతిని నీళ్లు కొలిచి తాగమన్నట్లయితే ఆ కప్పూ లెక్కలోకి వస్తుంది.

కోడలమ్మా, మీరు వెంట వెళ్లండి. వాదించకండి, తోడు వెళ్లండి చాలు. పుండు ఎలా వుందో నాకొక కార్డు ముక్క రాయండి.